బూటు కరిచింది, నాకు తెలియలేదు

నా ఎడమ కాలికి ఇప్పుడు నాలుగు వేళ్ళే ఉన్నాయి. చిటికెన వేలు పోయి పదకొండు నెలలు కావస్తోంది. గాయం మానింది. డ్యూటీకి వెళుతున్నాను. పోయిన నెలలో ఒక చిన్న కొండ కూడా ఎక్కాను, పూర్తిగా కాదనుకోండి.

స్టీల్ ప్లాంటు క్యాంటీన్‌లో నా పక్కకొచ్చి కూర్చుని, గొంతు తగ్గించి, "అసలేటయ్యింది బావా?" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళలో చాలామందికి నాలాగే షుగరుందని నాకు తెలుసు. కొందరు అడుగుతూ అడుగుతూనే తమ బూట్లను కుర్చీ కిందకి లాక్కుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసెయ్యి నాన్నా అని మా అమ్మాయి హిమజ నోట్‌బుక్ తెచ్చిచ్చింది. అందుకని రాస్తున్నాను. రాస్తుంటే నా మనసు కూడా కొంచెం కుదురుకుంటోంది.

నేను జాలరిపేటలో పుట్టాను. మా అయ్య తెప్ప మీద వేటకెళ్ళేవాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇరవై రెండేళ్ళ వరకు నా కాళ్ళకి ఇసక తప్ప ఇంకేమీ తగల్లేదు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక కంపెనీ ఇచ్చిన సేఫ్టీ బూట్లే నా మొదటి బూట్లు. స్టోర్స్‌లో ఆయన నన్ను ఎగాదిగా చూసి "ఎనిమిది నంబరు" అన్నాడు. అప్పటి నుంచి ఇరవై ఆరేళ్ళుగా నా నంబరు ఎనిమిదే. ఎవరూ మళ్ళీ కొలవలేదు. కొలవాలని నాకూ తోచలేదు.

నాలుగేళ్ళ కిందట షుగరు బయటపడింది. నడవమన్నారు. ఉక్కునగరంలో మా క్వార్టర్ చుట్టూ రోజూ ఒకే రోడ్డు మీద తిరిగి తిరిగి విసుగెత్తింది. అప్పుడు మా షిఫ్టులోనే పనిచేసే అప్పారావు తన జట్టులోకి పిలిచాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, కానీ ఇరవై ఏళ్ళుగా బావా అంటే బావా. వాళ్ళు నలుగురు. వీక్లీ ఆఫ్‌లు కలిసొస్తే వీపున పెద్ద సంచులు తగిలించుకుని అరకు దారిలో ఏదో ఒక కొండ ఎక్కుతారు. గుడారం, బియ్యం, పప్పు, చిన్న గ్యాస్ పొయ్యి అన్నీ మోసుకెళ్ళి పైన వండుకుతిని పడుకుని మర్నాడు దిగుతారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు అనంతగిరి కాఫీ తోటల పైన తెల్లవారుజామున మబ్బు నా మోకాళ్ళ కింద నుంచి పోవడం చూశాను. సముద్రం పక్కన పుట్టి, నిప్పుల కొలిమి పక్కన బతుకుతున్నవాణ్ణి. అంత చల్లని నిశ్శబ్దం నాకు తెలియదు. ఆ రోజు నుంచి కొండ పిచ్చి పట్టింది. షుగరు కూడా తగ్గుతూ వచ్చింది. మా ఆవిడ లలితే అందరికీ గొప్పగా చెప్పుకునేది.

వానాకాలంలో ఒకసారి గుడ్డ బూట్లతో జారి పడబోయాను. అప్పారావు చెయ్యి పట్టుకుని లాగి, "బావా, వీటితో ఏదో ఓ రోజు సీలమండ ఇరగ్గొట్టుకుంటావు. తోలు బూట్లు కొనీ. సీలమండ దాకా పట్టుకుంటాది," అన్నాడు.

నవంబరు మొదట్లో ఒక ఉదయం, షాపు తెరిచీ తెరవగానే ఇద్దరం వెళ్ళాం. ముదురు గోధుమ రంగు తోలు, లేసులు తగిలించడానికి ఇత్తడి కొక్కేలు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, కొత్త తోలు వాసనతో ఉన్నాయి. ఎనిమిది నంబరు అడిగాను. పలచటి ఆఫీసు సాక్సుల మీదే తొడుక్కుని టైల్స్ మీద పది అడుగులు నడిచాను.

"కొత్తలో కొంచెం బిగుతుంటాది సార్. తోలు కదా, వాడేకొద్దీ సాగుతాది," అన్నాడు షాపతను.

"బిగుతేమీ లేదే! హాయిగా ఉంది."

అప్పారావు వంగి బూటు పక్కన బొటనవేలితో నొక్కి చూశాడు. "ఇక్కడ ఉబ్బినట్టుంది బావా. నొప్పెట్టట్లేదా?"

"అస్సలు లేదు."

అది నిజమే చెప్పాను. నొప్పి లేదు. దాదాపు రెండేళ్ళుగా నా అరికాళ్ళు పరుపు మీద నడుస్తున్నట్టు మొద్దుగా ఉండేవి. వయసు, పని, సేఫ్టీ బూట్ల బరువు అనుకుని ఎవరికీ చెప్పలేదు. షుగరు కాళ్ళ స్పర్శని తినేస్తుందని, అసలు జబ్బు అదేనని నాకు అప్పటికి తెలియదు. నొప్పి లేదు కాబట్టి బూటు సరిపోయిందనుకున్నాను.

రెండు వారాల తర్వాత కొండకి వెళ్ళాం. ఇంట్లో ఒక్కరోజు కూడా తొడుక్కుని చూడకుండా నేరుగా రెండు రోజుల నడకకి, వీపున పన్నెండు కిలోలతో. సాయంత్రం గుడారాలు వేశాక అందరూ బూట్లు విప్పి కాళ్ళు చూసుకున్నారు. అప్పారావు మడమ మీద పొక్కు లేచింది. ఉస్సురుస్సురంటూ మందు రాసుకుంటున్నాడు.

"నీ బూట్లు కరవలేదా బావా?"

"నావి మంచి జాతివి. కరవవు," అని నవ్వాను. సాక్సులు విప్పకుండానే పడుకున్నాను. మర్నాడు దిగుడంతా వేళ్ళు ముందుకి తన్నుకుంటూనే ఉండుంటాయి. నేను ఈల వేసుకుంటూ దిగాను.

ఇంటికొచ్చాక బకెట్‌లో నానబెట్టిన సాక్సు నీళ్ళు ఎర్రబడితే లలిత చూసింది. చిటికెన వేలి మొదట్లో రూపాయి బిళ్ళంత మేర చర్మం లేచిపోయి ఉంది. "చిన్న పొక్కు" అన్నాను. పసుపు, కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టుకున్నాను. మర్నాటి నుంచి దాని మీదే సాక్సు, దాని మీదే సేఫ్టీ బూటు, దాని మీదే ఎనిమిది గంటల డ్యూటీ. లలిత అడిగినప్పుడల్లా మానుతోందనేవాణ్ణి. అలా పది రోజులు. చివరి రెండు రోజులూ ఒళ్ళు వెచ్చబడింది. జలుబన్నాను.

డిసెంబరు మొదటి ఆదివారం మా అప్ప వచ్చింది. మా పేటలో అక్కని అప్పా అంటాం. పేరు ఎల్లమ్మ. నాకంటే పదేళ్ళు పెద్దది. ఇప్పటికీ పొద్దున్నే హార్బరుకెళ్ళి వేలంలో సరుకు పాడుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. చందువా చేపలు తెచ్చి వంటింట్లో పెట్టి, హాల్లోకొచ్చి కూర్చోబోతూ ఆగిపోయింది.

"లలితా, ఇంట్లో ఏదో కుళ్ళిందే."

"ఏటీ లేదు ఒదినా. పొద్దున్నే కడిగాను."

అప్ప ముక్కు ఎగబీలుస్తూ గది చుట్టూ చూసింది. వచ్చి నా ముందు నిలబడింది.

"సాక్సు తియ్యి."

"ఏటీ లేదప్పా, చిన్న..."

"తియ్యమంటన్నాను."

తీశాను. లలిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాదం సగం దాకా నల్లగా ఎర్రగా ఉబ్బి ఉంది. అప్ప కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"నలభయ్యేళ్ళుగా సేపలమ్ముతన్నాను. ఏది సెడిందో నాకు కళ్ళతో సూడక్కర్లేదురా. లే. లలితా, ఆటో పిలువు."

నగరంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ నా పాదం మీద సన్నటి దారంలాంటిదాన్ని ఒక్కోచోట ఆనించి, కళ్ళు మూసుకుని ఎప్పుడు తగిలిందో చెప్పమంది. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. "ఇంకా మొదలుపెట్టలేదాండీ?" అని అడిగాను. కళ్ళు తెరిస్తే లలిత ఏడుస్తోంది. ఎనిమిది చోట్ల ఆనించారట.

"వేలు తీసెయ్యాలి," అంది డాక్టరమ్మ. "అక్కడితో ఆగితే మంచిదే. ఆగకపోతే పాదం గురించి మాట్లాడుకోవాలి. రెండు వారాలు చూద్దాం."

వేలు పోవడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం ఉంది, సాయంత్రానికి లేదు. ఆ తర్వాతి రెండు వారాలే నన్ను కాల్చుకుతిన్నాయి. రోజు విడిచి రోజు డ్రెస్సింగు. డ్రెస్సింగు గది బయట బెంచీల మీద పాతిక ముప్ఫై మందిమి కూర్చునేవాళ్ళం. అందరూ కాళ్ళ మీద తువ్వాళ్ళు కప్పుకునేవారు. ఎవరూ ఎవరి కాళ్ళ వైపూ చూసేవారు కాదు, అందరం మొహాలే చూసుకునేవాళ్ళం. ఎవరైనా లోపలి నుంచి బయటికొస్తే, ఆ మొహంలో ఏముందా అని అందరి చూపూ అటే.

పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నా పక్కన కూర్చునేవాడు. ఆయనకి కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. ఉన్న కాలికి చిన్న పుండు లేస్తే కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాడు. మూడో రోజున తన టిఫిన్ డబ్బాలోంచి రెండు ఇడ్లీలు నా చేతిలో పెట్టి అన్నాడు: "నానూ నొప్పి లేదనే అనుకున్నాను బాబు. నొప్పెట్టింటే అదే రోజు పరిగెట్టుకొచ్చీవోణ్ణి."

లోపల డ్రెస్సింగుకి సాయం చేసే ఆయమ్మ పేరు నూకరత్నం. కట్టు విప్పేముందు నా భుజం పట్టుకుని కిటికీ వైపు తిప్పేది. "ఇటు సూడకు బాబు. అలాగ ఓడల్ని సూడు. అయిపోయాక నాను సెప్తాను." మూడో అంతస్తు కిటికీలోంచి, రేవులోకి పిలుపు కోసం ఎదురుచూస్తూ సముద్రంలో ఆగిన ఓడలు కనబడేవి. నేను వాటిని లెక్కపెట్టుకునేవాణ్ణి. ఎప్పుడూ సరిగ్గా లెక్క తేలలేదు.

ఇంట్లో లలిత నాతో మాట్లాడటం మానేసింది. మందులిచ్చేది, అన్నం పెట్టేది, కట్టు తడవకుండా సంచి కట్టి స్నానానికి నీళ్ళు పోసేది, మాట మాత్రం లేదు. ఒకరోజు ఆసుపత్రి వరండాలో మందుల చీటీ కోసం ఎదురుచూస్తుంటే ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"పది రోజులు నా పక్కన కూకుని అన్నం తిన్నారు. ఒక్క మాట సెప్పలేదు. ఆ కాలు మీ ఒక్కరిదే అనుకున్నారా?"

చుట్టూ జనం. నేను తల దించుకున్నాను. ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగిన ఒక్క మంచిమాట ఏదైనా ఉంటే అది ఆవిడ అన్నదే.

రెండు వారాలు నిండిన రోజు డాక్టరమ్మ కట్టు విప్పి చాలాసేపు చూసింది. ఆ రోజు నూకరత్నం నన్ను కిటికీ వైపు తిప్పలేదు. "ఈరోజు సూడు బాబు," అంది. గాయం అడుగున గులాబీరంగు కండ కనబడింది. పాదం ఉంటుందన్నారు.

అప్పారావు ఒక్కసారి కూడా రాలేదు. ఫోను చేసినా ఎత్తలేదు. మొదట కోపమొచ్చింది, తర్వాత బెంగ పెట్టుకున్నాను. జనవరి చివర్లో ఒక సాయంత్రం మా గేటు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడైంది. పది నిమిషాలైనా ఎవరూ లోపలికి రాలేదు. కర్ర పట్టుకుని గుమ్మంలోకి వెళితే గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

"రా లోపలికి."

"నాను సూసాను బావా," అన్నాడు అక్కడి నుంచే. "షాపులోనే సూసాను. పక్కన ఉబ్బిందని. గట్టిగా సెప్పలేపోయాను. కొనమన్నోణ్ణీ నానే."

"నువ్వు చెప్పావు. నేనే నొప్పి లేదన్నాను."

వాడు గేటు మీద తల ఆనించి ఏడ్చాడు. లలితే వెళ్ళి లోపలికి తీసుకొచ్చి టీ ఇచ్చింది. ఆ తర్వాత గాయం పూర్తిగా మానేదాకా, షిఫ్టు ఏదైనా సరే, నన్ను డ్రెస్సింగుకి తన స్కూటరు మీదే తీసుకెళ్ళాడు.

మార్చి ఆఖరుకి కట్టు తీసేశారు. ఇక నుంచి చెప్పులైనా బూట్లైనా కొలిచి కుట్టించుకున్నవే వేసుకోవాలన్నారు. నేను ఉండబట్టలేక అడిగాను. "మేడమ్, ఎప్పటికైనా కొండ ఎక్కొచ్చా?"

లలిత లేచి గదిలోంచి బయటికి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ తలుపు వైపు చూసి, నా వైపు చూసింది. "షుగరు అదుపులో ఉండాలి. సరైన బూట్లు ఉండాలి. రోజూ పాదాలు చూసుకోవాలి. ఈ మూడూ ఆరు నెలలు చేసి చూపించండి. అప్పుడు నన్ను అడగండి. ముందు ఆవిణ్ణి అడగండి."

బూట్ల కోసం నన్ను నగరంలోని పాత ఊరికి తీసుకెళ్ళింది కూడా మా అప్పే. గఫూర్ భాయ్ ఆవిడ దగ్గర చేపలు కొంటాడు. తాతల నాటి నుంచి తోలు పని చేసే ఇల్లు. చిన్న కొట్టు, గోడల నిండా బూట్లు కుట్టే కర్ర పాదాల అచ్చులు, జిగురు వాసన. మేం పొద్దున వెళితే ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి పంపించేశాడు.

"ఇప్పుడు కాదు సాబ్. సాయంత్రం రండి. రోజంతా నిలబడ్డాక కాలు ఎంతవుతుందో అదీ కొలత. ఎక్కేటప్పుడు వేసుకునే మందం సాక్సులు తెచ్చుకోండి. ఆ పాత బూట్లున్నాయా? అవీ తెండి."

పాత బూట్లు లలిత అటక మీద పడేసింది. తీసుకెళ్ళాను. గఫూర్ భాయ్ నేల మీద అట్టముక్క పరిచి, సాక్సులతో రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసి నిలబడమన్నాడు. పెన్సిలు నిటారుగా పట్టుకుని నా పాదం చుట్టూ గీత గీశాడు. తర్వాత నా పాత బూటు తీసి ఆ గీత మీద పెట్టాడు. ముందు వైపు గీత రెండు పక్కలా వేలి మందాన బయటికి వచ్చేసింది.

"ఇది మీ కాలు. ఇది మీ బూటు," అన్నాడు.

అప్ప చిన్నగా "అమ్మా" అంది.

"ఇసకలో పెరిగిన కాలు సాబ్ ఇది. వేళ్ళ దగ్గర వెడల్పు, మడమ సన్నం. ఎనిమిది అనేది పొడుగు చెప్తుంది. వెడల్పు ఎవరు చెప్తారు? తోలు సాగుతుందంటారు. సాగుతుంది, నిజమే. అది సాగేలోగా కాలు అరుగుతుంది."

రెండు నెలలు పట్టింది. వేళ్ళు విప్పుకోవడానికి చోటు, ముందు బొటనవేలి మందం ఖాళీ, మడమ దగ్గర మాత్రం కదలని పట్టు, లోపల ఎక్కడా కుట్టు తగలకుండా మెత్తటి తోలు, పోయిన వేలి చోట చిన్న మెత్త. సగం కుట్టాక ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి ఆసుపత్రిలో పాదరక్షలు చూసేవాళ్ళకి చూపించమని ఆయనే పంపాడు. లేసులు కట్టడం కూడా కొత్తగా నేర్పాడు. దిగేటప్పుడు చీలమండ దగ్గర ఇంకాస్త బిగించాలి, అప్పుడు వేళ్ళు ముందుకి తన్నుకోవు. తొడిగే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమాలి. "కాలికి తెలియదు కాబట్టి చేతిని అడగాలి," అన్నాడు.

జూన్‌లో బూట్లు ఇంటికొచ్చాయి. మొదటి వారం ఇంట్లోనే అరగంట. తర్వాత గంట. తర్వాత ఉక్కునగరంలో మా సెక్టారు చెట్ల కింద రోడ్డు మీద. విప్పగానే అద్దం నేల మీద పెట్టి అరికాళ్ళు చూసుకునేవాణ్ణి. లలిత ఆ బూట్ల వైపే చూసేది కాదు. నేను వాటికి మైనం రాస్తుంటే పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

పదో రోజో పన్నెండో రోజో, నేను అద్దంతో తంటాలు పడుతుంటే వచ్చి నేల మీద కూర్చుంది. నా కాలు తన ఒళ్ళోకి తీసుకుంది. అరచెయ్యి పెట్టి మడమ నుంచి వేళ్ళ దాకా మెల్లగా తడిమింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఎచ్చగుంది."

అద్దంలో నాకేమీ కనబడలేదు. అయినా మర్నాడు గఫూర్ భాయ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన బూటులో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని వెతికి, లోపల మడత పడిన చిన్న గీతని పట్టుకున్నాడు. సుత్తితో చదును చేస్తూ, "మీ చెయ్యి నా చెయ్యి కంటే మంచిదమ్మా," అన్నాడు. లలిత నవ్వడం ఆరు నెలల్లో అదే మొదటిసారి చూశాను. ఆ రోజు నుంచి సాయంత్రం పరీక్ష ఆవిడదే అయింది. ఆవిడ చూసి బాగుందంటేనే మర్నాడు బూటు తొడుక్కోవడం.

అక్టోబరులో డాక్టరమ్మ సరేనంది. ఆ మాట ఇంట్లో ఎలా ఎత్తాలా అని రెండు రోజులు నసిగాను. లలితే అంది: "ఎల్లండి. నానూ వత్తాను. అక్కడ మీ కాళ్ళు ఎవులు సూత్తారు?"

ఊరి పక్కనే ఉన్న చిన్న కొండ ఎంచుకున్నాం. అప్పారావు నా సంచి కూడా తనే మోసుకుని ముందు నడిచాడు. అరగంటకోసారి రాయి మీద కూర్చుని బూటు విప్పడం, లలిత తడమడం, సాక్సు మార్చడం, మళ్ళీ కట్టుకోవడం. దారిన పోయే కాలేజీ పిల్లలు మమ్మల్ని వింతగా చూసుకుంటూ పోయారు. జీడిమామిడి చెట్ల మధ్య నుంచి గాలి వస్తోంది. నా ఊపిరి నాకు వినబడుతోంది. ఏడాదిలో మొదటిసారి భయం కాకుండా వేరే ఏదో నా గుండెని కొట్టుకునేలా చేస్తోంది.

ముప్పావు వంతు ఎక్కాక లలిత వెనకబడింది. రోజూ వేసుకునే శాండల్స్‌తో వచ్చింది. తిరిగి చూస్తే కుంటుతోంది.

"సెప్పు కరిసీసిందండీ. మంటెత్తిపోతంది!"

కూర్చోబెట్టి చూశాను. మడమ వెనక ఎర్రగా, గింజంత పొక్కు. నేను వేలు ఆనించీ ఆనించకముందే "అబ్బా!" అని కాలు వెనక్కి లాక్కుంది. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి. ఎంత చక్కగా నొప్పి పుడుతోంది ఆ కాలికి! ఆవిడ అర్థంకాక నన్ను తిట్టింది.

"ఇంకో పావుగంటే బావా, కొసకొచ్చీసినట్టే," అన్నాడు అప్పారావు పైనుంచి.

"వద్దు బావా. దిగిపోదాం."

"మీరెల్లి సూసి రండి. నాను ఇక్కడ కూకుంటాను," అంది లలిత.

ఆవిడ పొక్కు మీద పట్టీ వేసి, నా రెండో జత సాక్సులు తొడిగి, చెయ్యి పట్టుకుని లేపాను. ముగ్గురం మెల్లగా దిగాం. సగం దారిలో చెట్టు కింద పులిహోర తిన్నాం. కొస చూడలేదని నాకు ఏ మాత్రం బాధ లేదు, నిజంగా.

పొక్కు మానాక ఒక సాయంత్రం లలితని పాత ఊరికి తీసుకెళ్ళాను. పరాయి మనిషి ముందు అట్టముక్క మీద కాళ్ళు పెట్టడానికి మొదట సిగ్గుపడింది. తర్వాత చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసి నిలబడింది. గఫూర్ భాయ్ పెన్సిలు నిటారుగా పట్టుకుని గీత మొదలుపెట్టాడు.

"దగ్గరి నడకకా అమ్మా, దూరానికా? దాన్ని బట్టి బూటు అడుగు వేస్తాను."

నేను నోరు తెరిచేలోగానే లలిత చెప్పింది.

"అనంతగిరికి."